మార్లవాయిలో ఎవరు ఎవరిని మార్చారు

వ్యక్తిత్వ వికాసం మీద తెలుగులో పుస్తకాలకు కొదువ లేదు. 1936లో అమెరికాలో డేల్ కార్నెగీ రాసిన పుస్తకానికి అనువాదాల దగ్గరి నుంచి యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ దాకా, ఏ పుస్తకాల దుకాణానికి పోయినా ఒక అర వాటికే ఉంటుంది. వాటిలో ఎక్కువ భాగం ఒక వరుసను నమ్ముతాయి. మనిషి మొదట తనను తాను దిద్దుకోవాలి, తర్వాత లక్ష్యం తేల్చుకోవాలి, ఆ తర్వాత పదిమందిని తన వెంట నడిపించాలి. ఈ వరుస సరైనదేనా అన్నది ఇక్కడి ప్రశ్న. మాట్లాడేది ఇద్దరు. తమ్ముడు కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు వ్యక్తిత్వ వికాస తరగతులు చెప్తాడు. అక్క ఉట్నూరు ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాల టీచరు. ఇద్దరూ నేను ఊహించిన మనుషులే. వాళ్ల నోట వచ్చే ఊర్లు, పేర్లు, సంవత్సరాలు మాత్రం నిజమైనవి. నేను అక్క పక్షం, ఆ సంగతి దాచను. అయితే తమ్ముడి మాటలో ఉన్న బలాన్ని తగ్గించి చూపితే అక్క వాదం కూడా తేలిపోతుంది కాబట్టి మొదటి మాట అతనిదే.

తమ్ముడు: అక్కా, నేను చెప్పేది చిన్న మాట. తన బతుకునే గాడిల పెట్టుకోనోడు ఊరును ఏం గాడిల పెడ్తడు? యాళ్లకు లేవనోడు, నలుగురి ముందట నిలబడి నాలుగు మాటలు చెప్పలేనోడు, చేతిల ఉన్న పైసలకు లెక్క లేనోడు సమాజాన్ని మారుస్త అంటే ఎవరు వింటరు? అందుకే నా పిల్లలకు మొదలు నిన్ను నువ్వు తయారు చేసుకో అని చెప్త. దీనికి సాక్ష్యం నువ్వు పనిచేసే కొండల్లనే ఉన్నది. కుమ్రం భీంను చూడు. జల్, జంగల్, జమీన్ అని నిజాం సర్కారుకు ఎదురు నిలిచిండు. ఊర్లనే ఉండిపోతే ఆయన భీం అయ్యేటోడు కాదు. అడవి దాటి పోయిండు, అస్సాం తేయాకు తోటల్ల పని చేసిండు, చదువుడు రాసుడు నేర్సుకున్నడు, బయటి లోకం ఎట్ల నడుస్తదో చూసిండు. అప్పుడొచ్చి పన్నెండు గూడేలను ఒక్కటి చేసిండు. ముందు తను మారిండు, తర్వాత ఊర్లు కదిలినయి. నేను తరగతిల చెప్పే వరుస గిదే.

అక్క: భీం ఎందుకు పోయిండో గూడ చెప్పు తమ్మీ. బాగుపడుదామని ఇల్లు విడిచి పోయినోడు కాదు. తాము కొట్టుకున్న చెలకల పంటను మరొకడు నాదంటే తగాదా అయింది, ఆ తగాదాల ఒక మనిషి చచ్చిండు, భీం దేశం విడవాల్సి వచ్చింది. అంటే చదువు కన్న ముందే ఆయన మనసుల ప్రశ్న పుట్టింది. మేం అడవి కొట్టి సాగు చేసిన భూమి మాది ఎందుకు కాదు అన్న ప్రశ్న. అది ఆయన ఒక్కని ప్రశ్న గాదు, జోడేఘాట్, బాబేఝరి చుట్టుపక్కల ఉన్న గోండులది, కోలాములది. అస్సాం తోటలకు మన తీరు అడవి జిల్లాల నుంచి వేలమంది పోయిన్రు. అండ్ల అక్షరాలు నేర్సుకున్నోళ్లు గూడ ఉండే ఉంటరు. అక్షరం ఒక్కటే నాయకున్ని చేసేదైతే ఇంకెందరో భీములు తిరిగొచ్చేటోళ్లు. ఆయనకు తిరిగొచ్చేటందుకు ఊర్లున్నయి, ఆ ఊర్లకు ఒక బాధ ఉన్నది, ఆ బాధకు పనికొచ్చేటట్టు ఆయన నేర్సుకున్నడు. నువ్వు చెప్పే వరుసల లక్ష్యం రెండోది. ఆయన బతుకుల అది మొదటిది, అదిగూడ తన ఒక్కని కోసం ఎంచుకున్నది కాదు.

తమ్ముడు: సరే, లక్ష్యం ముందు వచ్చిందనుకుందాం. మరి పని ఎవరితోని అయింది? 1940ల జోడేఘాట్‌ల భీంను కాల్చి చంపిన్రు. ఆ తర్వాత గోండులకు బళ్లొచ్చినయి, పట్టాలొచ్చినయి అంటే హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త వల్ల. వియన్నాల పుట్టి పెద్ద చదువు చదివినోడు, ఇంగ్లీషుల రిపోర్టు రాయగలిగినోడు, హైదరాబాదుల అధికారుల ముందట కూసొని మాట్లాడగలిగినోడు. తయారైన మనిషి అంటే ఆయన. వందల మంది ప్రాణాలకు తెగించినా కానిది, ఒక నేర్పున్న మనిషి రాతతోని అయింది. కఠినంగ ఉంటది గాని చరిత్ర అదే చెప్తున్నది.

అక్క: చరిత్రను సగంల ఆపితే అట్లనే చెప్తది. హైమెండార్ఫ్‌ను ఆదిలాబాద్‌కు తెచ్చింది ఎవరు? జోడేఘాటే. గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు అనిపించింది భీం చచ్చినంకనే. ఇంక ఆయన సంగతి. ఆస్ట్రియా అప్పటికే జర్మనీల కలిసిపోయింది, ఆయన చేతిల జర్మనీ పాస్‌పోర్టు ఉన్నది, యుద్ధం మొదలైంది. ఇంగ్లీషోళ్ల లెక్కల శత్రుదేశపోడు. హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దన్నరు. పోయేటందుకు దారి లేని మనిషి మొదలు నల్లమల చెంచుల దగ్గర ఉన్నడు, తర్వాత గోదావరి కొండరెడ్ల దగ్గర, ఆ తర్వాత భార్య బెట్టితోని మార్లవాయి అనే గోండు గూడేనికి వచ్చి గుడిసెల ఉన్నడు. వచ్చింది పుస్తకం రాసేటందుకు. గోండి భాష నేర్సుకున్నడు. గోండుల కథలు పాడే ప్రధానులు కిక్రి అనే తంతివాద్యం వాయించుకుంట చెప్పే వంశాల కథలు కూసొని విన్నడు, రాసుకున్నడు. ఎవలు ఎవల దగ్గర చదువుకున్నట్టు? మార్లవాయి పటేలు దగ్గర, ముసలోళ్ల దగ్గర వియన్నా డాక్టరేటు ఉన్న మనిషి విద్యార్థి. అటవీశాఖ కాగితాల్ల ఆక్రమణదారు అని ఉన్నోనికి, తాతల నాటి నుంచి ఆ అడవిల తావులు మార్సుకుంట సాగు చేసిన చరిత్ర ఉన్నదని, రిజర్వు ఫారెస్టు గీత వాళ్ల ఊర్ల మీది నుంచే పోయిందని ఆయనకు తెలిసింది గట్ల కూసున్నందుకే. హైదరాబాదుల కుర్చీల కూసొని రాసే రిపోర్టుకు ఆ సంగతి దొరకదు.

1943ల పెట్టిన బళ్ల సంగతి మరీ ముఖ్యం, అది జర ఓపికతోని విను. పంతుళ్లను పట్నం నుంచి తేలేదు. గోండులల్ల కొద్దిగ మరాఠీ అక్షరాలు వచ్చిన పిలగాండ్లను ఏరి, మార్లవాయిలనే శిక్షణ ఇచ్చి, వాళ్లనే పంతుళ్లను చేసిన్రు. మొదటి వాచకాలు నాగరి అక్షరాల్ల, గోండి భాషల. పిలగాడు బడికి వచ్చి మొదలు విన్న మాట ఇంట్ల అమ్మ మాట్లాడే మాటనే. ఈనాడు మాతృభాషల ప్రాథమిక చదువు అని కమిటీలు రాసుకుంటున్నయి చూడు, అది ఎనభై ఏండ్ల కిందట ఈ అడవిల జరిగింది. హైమెండార్ఫ్ ముందు తను గోండి నేర్సుకున్నందుకే పిల్లలకు గోండిల చెప్పాలన్న ఆలోచన పుట్టింది. ఆయనకు గోండి రాకుంటే ఉర్దూల బడి పెట్టి, పిల్లలు వస్తలేరు, వీళ్లకు చదువు మీద శ్రద్ధ లేదు అని రాసేటోడు. సేతుమాధవరావు అనే అధికారి గూడ గట్లనే గోండి నేర్సుకొని పనిచేసిండు, గోండుల మీద పుస్తకం రాసిండు. మన కాలంల, 2017 చివర ఆదిలాబాద్‌కు వచ్చిన కలెక్టర్ దివ్య దేవరాజన్ గూడ గోండి నేర్సుకున్నది. ఆమె పేరు మీద ఒక గూడెమే ఉన్నది.

తమ్ముడు: వినుడు మేమూ నేర్పుతం అక్కా. కార్నెగీ పుస్తకంల గూడ ఉన్నది, ఎదుటోళ్లకు ఇష్టమైనదాని గురించి మాట్లాడు, వాళ్లను మాట్లాడనియ్యి అని. కొత్త సంగతేమున్నది?

అక్క: రెండు తీర్ల వినుడుంటది. ఎదుటోడు చివరికి నా మాట ఒప్పుకోవాలని వినుడు ఒకటి. విన్నంక నా మాటనే మారిపోవచ్చని తెలిసి వినుడు ఇంకొకటి. సరుకు అమ్మేటోడు మొదటి తీరు వింటడు, దాంట్ల తప్పు లేదు. కాని ఆ వినుడుతోని వినేటోడు మారడు. హైమెండార్ఫ్‌ల ఏం మారిందో చూడు. పుస్తకం కోసం వచ్చినోడు 1945 నుంచి నిజాం సర్కారుకు గిరిజనుల సలహాదారై భూమి పట్టాల ఫైళ్లు పట్టుకొని తిరిగిండు. ఆదిలాబాద్ జిల్లాల లక్ష ఎకరాలకు మించి ఆదివాసుల పేరు మీదికి వచ్చినయి. విన్నంక ఎవరి పని మారింది అని అడుగు. గదే కొలత.

తమ్ముడు: అయితే అసలు మాట ఇప్పుడడుగుత. పట్టా ఇచ్చింది వినుడు కాదు, సర్కారు మోహరు. హైమెండార్ఫ్ ఎంత విన్నా చేతిల నిజాం అధికారం లేకుంటే గుంట భూమి రాకపోవు. మరి ఆ భూమి ఏమైంది? 1970 తర్వాత ఆయనే మళ్లొచ్చి చూసిండు, 1982ల పుస్తకం రాసిండు. మనుగడ కోసం పోరాటం అన్నట్టు పేరు గూడ పెట్టిండు. పట్టా ఉన్న గోండుల భూములు చేతులు మారినయని, వలస వచ్చినోళ్ల కింద వాళ్లే కూలోళ్లయిన్రని ఆయన రాసిందే. నడుమ 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిల గోండుల మీద పోలీసుల కాల్పులు. మార్లవాయి నిజంగ మనుషులను మారిస్తే ముప్పై ఏండ్లల్ల ఇదంతా ఎట్ల జరిగింది? మంచోడు ఒకడు విన్నడు, పోయిండు. గోండులల్ల నోరున్నోళ్లు, లెక్క తెలిసినోళ్లు, ఎదురు తిరిగి అడిగేటోళ్లు ఇంటికొకడు తయారై ఉంటే ఆ భూములు పోయేటివి కాదు. మనిషిని మనిషిగ తయారు చెయ్యాలన్న నా మాటకు నీ ఆదిలాబాదే రుజువు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. తమ్ముడు వేసిన ప్రశ్న ఈ సంవాదంలోకెల్లా బరువైనది. భూములు పోయిన తీరు అతను చెప్పినంత వరకు నిజమే. రోడ్లు పడ్డాయి, పత్తి వచ్చింది, మహారాష్ట్ర వైపు నుంచీ మైదాన ప్రాంతాల నుంచీ రైతులూ వ్యాపారులూ వచ్చారు, అప్పు పత్రాలు వచ్చాయి. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో చట్టం చేశారు, 1970లో దాన్ని గట్టి చేశారు. అందరూ 1/70 అని పిలిచేది దాన్నే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదేనని భావించాలన్నంత బలమైన నియమం అందులో ఉంది. అయినా భూములు పోయాయి. కాబట్టి అధికారం ఉన్న ఒక మంచి మనిషి చాలడు, మంచి చట్టమూ చాలదు. ఇంతవరకు తమ్ముడు గెలిచాడు. కానీ ఇంటికొక నేర్పరి ఉంటే భూమి నిలిచేదన్న అతని ముగింపు ఈ సాక్ష్యంలో నుంచి రాదు. అప్పు పత్రం మీద వేలుముద్ర వేసిన రైతు ఒంటరిగా వేశాడు. అదే పత్రాన్ని చదవడం వచ్చి ఒంటరిగా సంతకం చేసినా భూమి పోయేది, ఎందుకంటే ఆ సంవత్సరం విత్తనానికి అతనికి మరో దారి లేదు. చదువు వచ్చిన మైదానపు రైతులూ షావుకారు దగ్గర భూములు పోగొట్టుకున్నారు.

అక్క: ఒప్పుకుంట తమ్మీ. ప్రభావం అంతా ఒక మనిషిల ఉంటే ఆ మనిషితోనే పోతది. మార్లవాయిల బడి పంతుళ్లు గోండులే కాబట్టి చదువు నిలిచింది. పట్టాల పని మాత్రం ఆఫీసు చేతిల ఉండె, గోండుల చేతిల లేకుండె, అందుకే ఆఫీసుల మనిషి మారంగనే కూలింది. ఇప్పుడు మీ కరీంనగర్ ముచ్చట తీసుకో. ముల్కనూరు ఇప్పుడు హనుమకొండ జిల్లాల ఉన్నది గాని అసలు పాత కరీంనగర్‌దే. 1956ల అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి అక్కడ సహకార సంఘం పెట్టిండు. అప్పు, విత్తనం, ఎరువు, పండిన వడ్లు కొనుడు, మిల్లు పట్టుడు, అన్నీ ఒక్క తావులనే. నువ్వు పొదుపు చెయ్యి, నిజాయితీగ ఉండు అని ఆయన రైతుకు ఉపన్యాసం ఇచ్చి ఊకున్నడా? రైతు తన వడ్లు తన సంఘానికే పోస్తడు, అప్పు అండ్లకెల్లి తీరుతది, లెక్క సర్వసభ్య సమావేశంల అందరి ముందట చదువుతరు. ఆయన పోయి ఏండ్లయింది, సంఘం నడుస్తనే ఉన్నది. 1995ల సర్కారు జోక్యం లేని సహకార సంఘాలకు కొత్త చట్టం వచ్చినంక, 2000ల ఆ చుట్టుపక్కల ఆడోళ్లు తమ పాల డెయిరీ పెట్టుకున్నరు. పాలల్ల వెన్న ఎంతున్నదో కొలిచి దాన్ని బట్టి రేటు కడ్తరు. పాలల్ల నీళ్లు పోయొద్దు అని ఎవ్వరు సుద్దులు చెప్పరు, కొలత చెప్తది. డెయిరీ అధ్యక్షురాలి కుర్చీల కూసునేది గూడ పాలు పోసే ఆడామెనే. మొదలు నలుగురిల మాట్లాడుడు నేర్సుకొని, తర్వాత అధ్యక్షురాలైందనుకుంటున్నవా? కుర్చీల కూసున్నంకనే మాట్లాడుడు వచ్చింది.

తమ్ముడు: కాశీవిశ్వనాథరెడ్డి లాంటి మనిషి ఊరికొకడు దొరకడు. ఇంకొక మాట. ఆ రైతులు, ఆ ఆడోళ్లు లాభం ఉన్నదని చేరిన్రు, బాగుపడాలని కాదు. నువ్వు చెప్పేది వ్యాపారం, నేను చెప్పేది మనిషి మారుడు.

అక్క: లాభంతోని వచ్చిన మార్పును తక్కువ చెయ్యకు. ముప్పై ఏండ్లు గడువు తప్పకుంట అప్పు కట్టిన మనిషి, పక్కోడు కట్టకుంటే నా సంఘం మునుగుతదని పోయి అడిగిన మనిషి, నీ తరగతిల డైరీ రాసే పిలగానికన్న తక్కువ మారిండా? నీ విద్యకు మూలపురుషుని ముచ్చట గూడ చెప్త. శామ్యూల్ స్మైల్స్ 1859ల ఇంగ్లండుల ‘సెల్ఫ్ హెల్ప్’ అచ్చేసిండు. ఎవరి బాగు వాళ్ల చేతుల్లనే ఉన్నది అనే పుస్తకాలన్నిటికి అది తాత. అది ఎట్ల పుట్టింది? లీడ్స్ పట్నంల కష్టం చేసుకునే పిలగాండ్లు కొందరు సాయంత్రం పూట ఒక తావుల కూడి, చదవొచ్చినోడు రానోనికి చెప్పుకుంట, లెక్కలొచ్చినోడు లెక్కలు చెప్పుకుంట ఉండేది. 1845ల వాళ్లు స్మైల్స్‌ను పిలిచి నాలుగు మాటలు చెప్పుమన్నరు. ఆ మాటలే పెరిగి పుస్తకమైనయి. ఒక్కడే తనను తాను బాగు చేసుకునుడు అనే పుస్తకం గూడ, ఒకరినొకరు బాగు చేసుకునే గుంపుల నుంచే పుట్టింది. పుస్తకం లోకమంతా తిరిగింది, గుంపు మాత్రం వెనుకనే ఉండిపోయింది.

తమ్ముడు: అది నాకు తెల్వది, ఒప్పుకుంట. కాని నీ మార్లవాయిల ఒక లోపం నువ్వు చెప్తలేవు. హైమెండార్ఫ్ అంత కూసొని విన్నడు గదా, వాచకాలు నాగరి అక్షరాల్ల ఎందుకు అచ్చయినయి? నార్నూరు దగ్గర గుంజాలల గోండులకు సొంత లిపి ఉన్నది, రాతప్రతులున్నయి. అవి లోకానికి తెలిసింది ఈ శతాబ్దంల. జయధీర్ తిరుమలరావు లాంటి పరిశోధకులు పూనుకుంటే, 2018ల యూనికోడ్‌ల గుంజాల గోండి లిపి చేరింది. అవే కొండల్ల అన్నేండ్లు తిరిగిన మనిషి నడిపిన బళ్లకు అది రాలేదు. వినుడుకు గూడ హద్దు ఉన్నది.

అక్క: ఉన్నది. వినేటోడు ఎంత మంచోడైనా ఎదుటోళ్లు చెప్పినకాడికే వింటడు, తను అడిగినకాడికే వింటడు. ఆయనకు అందింది కొద్దిమందికి వచ్చిన మరాఠీ అక్షరం, దాంతోని బడి నడిపిండు. అందుకనే ఒకసారి నేర్సుకున్న, ఇగ నేర్పుత అనే మాట పనికిరాదు అంటున్న. ఇంకొకటి చూడు. 2021ల గుస్సాడి ఆటకు పద్మశ్రీ అందుకున్న కనక రాజుది మార్లవాయినే. 2024ల పోయిండు. దండారి పండుగ నాడు పెద్దోళ్ల పక్కన ఆడుకుంట నేర్సుకున్నడు, తన పక్కన పిలగాండ్లను ఆడిచ్చుకుంట నేర్పిండు. ఆ విద్యల నేర్సుకునే ఏడు, నేర్పే ఏడు అని వేరువేరుగ లేవు. 1987ల బెట్టి చనిపోతే మార్లవాయిలనే సమాధి చేసిన్రు, తర్వాత హైమెండార్ఫ్ అస్థికలు గూడ ఆమె పక్కకే వచ్చినయి. ఏటేటా జనవరిల ఊరోళ్లు వాళ్లను తలుచుకుంటరు. పట్టా ఇచ్చిన అధికారులు మస్తు మంది ఉన్నరు గాని వాళ్లెవలను గట్ల తలుచుకోరు.

తమ్ముడు: నా దగ్గరికి వచ్చే పిలగాండ్లకు ఇదంతా ఎట్ల పనికొస్తది చెప్పు. సిరిసిల్లకెల్లి, జగిత్యాలకెల్లి వస్తరు, వాళ్ల నాయిన అప్పు చేసి ఫీజు కడ్తడు, మూడు నెలలల్ల పరీక్ష, ఆ తర్వాత ఇంటర్వ్యూ. పోయి ఏండ్లకేండ్లు గూడెంల కూసోండ్రి అని చెప్పుదునా?

అక్క: చెప్పకు. మాట్లాడుడు నేర్పు, ధైర్యం నేర్పు, అవి కావాలె. కలెక్టరాఫీసుల ప్రజావాణికి పోయి తన దరఖాస్తు గురించి రెండు మాటలు చెప్పలేక వెనక్కి వచ్చేటోళ్లను చూస్తే నీ పని విలువ తెలుస్తది. నేను మార్సుమనేది మొదటి రోజు నువ్వడిగే ప్రశ్న. ఐదేండ్లల్ల నువ్వు ఏమైతవు అని అడుగుతవు గదా. దాని బదులు నీ ఇంట్ల, నీ వాడల ఎవరి కష్టం నీకు తెలుసు అని అడుగు. తల్లి బీడీలు చేస్తుంటే ఆ పిలగాడు పోయి తెలుసుకోవాలె. వెయ్యి బీడీలకు ఎంత ఇస్తున్నరు, ఆకు ఎంత తూకం ఇస్తున్నరు, బాగలేవని ఎన్ని పక్కకు తీస్తున్నరు, పీఎఫ్ ఎవరికి పడుతున్నది, ఎవరికి పడుతలేదు. పది నిమిషాల మాట తయారు చేసుకోవాలె. అద్దం ముందట కాదు, ఆ బీడీలు చేసే ఆడోళ్ల ముందటనే చెప్పాలె.

తమ్ముడు: నువ్వు చెప్పింది తప్పు బిడ్డా అని వాళ్లంటే?

అక్క: మళ్లీ పోయి అడిగి రావాలె.

తమ్ముడు: మూడు నెలల కోర్సుల అది అయ్యేది కాదు.

అక్క: కాదు. మొదలుపెట్టొచ్చు అంతే.

తమ్ముడు: మరి వాడు బాగా చెప్పిండో లేదో నాకెట్ల తెలుస్తది? మార్కులు నేనెట్ల వేద్దు?

అక్క: మార్కులు వాళ్లు వేస్తరు. ఎన్ని వేసిన్రో తెలువాలంటే నువ్వు గూడ పోయి ఆ ఆడోళ్ల నడుమ కూసోవాలె.